అరిసె మానకండి, టీలో పంచదార చూసుకోండి

ధనుర్మాసం పట్టగానే మా ఇంటికి రెండు రకాల మనుషులు వస్తారు. రెండు కిలోల అరిసెలు, కిలో పోకుండలు, కిలో జంతికలు అని రాయించి, అడ్వాన్సు ఇచ్చి వెళ్లేవాళ్లు ఒకరు. ‘ఈసారి మాకేమీ వద్దమ్మా, షుగరొచ్చింది’ అని చెప్పడానికే వచ్చి, అరుగు మీద చతికిలబడి, టీ ఇస్తే రెండు చెంచాల పంచదార వేయించుకుని తాగి వెళ్లేవాళ్లు ఇంకొకరు. ఈ రెండో రకం వాళ్ల కోసం రాస్తున్నాను.

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే దారిలో మా ఇల్లు. పండగలకు, సీమంతాలకు, ఆడపిల్లల సారెలకు ఆర్డరు మీద పిండివంటలు చేసి ఇస్తాను. మావారికి మధుమేహం. అంటే మా వంటింట్లో బెల్లం పాకం ఉడికే పొయ్యికి, గ్లూకోమీటరు ఉండే అలమరకు మధ్య నాలుగు అడుగుల దూరం. అమ్ముకునేదాన్ని కాబట్టి తినమనే చెబుతుందని మీకు అనిపించవచ్చు. లెక్క చూపిస్తాను, మీరే తేల్చుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తీపి గురించి ఒక మార్గదర్శకం ఇచ్చింది. రోజంతా మనం తినే శక్తిలో, విడిగా కలుపుకున్న తీపి నుంచి వచ్చేది పదో వంతు దాటకూడదు. ఇరవయ్యో వంతుకు తగ్గితే ఇంకా మేలు. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి పదో వంతంటే 50 గ్రాముల పంచదార, ఇరవయ్యో వంతంటే 25 గ్రాములు. బెల్లం, తేనె, పళ్లరసాలు కూడా ఈ లెక్కలోనివే. పండును పండుగా కొరికి తింటే అది ఇందులోకి రాదు.

ఇప్పుడు నా అరిసె సంగతి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం పాకం పట్టి 40 అరిసెలు చేశాననుకోండి. ఒక్కో దానిలో 25 గ్రాముల బియ్యం, 19 గ్రాములకు కాస్త తక్కువ బెల్లం ఉంటాయి. గట్టిగా ఒత్తిన తరువాత ఒక చెంచాడు నూనె మిగిలిందనుకుందాం. మొత్తం కలిపి 200 కేలరీల దరిదాపు. తక్కువేమీ కాదు.

మరి టీ? చెంచాడు పంచదార నాలుగైదు గ్రాములు తూగుతుంది. టీకి రెండు చెంచాలు, రోజుకు మూడు టీలు అంటే 24 నుంచి 30 గ్రాములు. రోజుకు 25 గ్రాములే వేసుకున్నా ఏడాదికి తొమ్మిది కిలోల పైమాట. సంక్రాంతి నెలంతా కలిపి ఇరవై అరిసెలు తిన్నా లోపలికి వెళ్లే బెల్లం నాలుగు వందల గ్రాముల లోపే. కానీ షుగరొచ్చిందని తెలియగానే అందరూ మొదట మానేసేది అరిసెనే. తొమ్మిది కిలోల జోలికి ఎవరూ పోరు, ఎందుకంటే అది తీపి తిన్నట్టే ఉండదు. తీపిలో నాకు తెలిసినవి రెండే రకాలు. పేరున్న తీపి ఒకటి: అరిసె, బూరె, చిమ్మిలి, మామిడి తాండ్ర. దానికొక రోజుంది, రుచి ఉంది, తిన్నామన్న తృప్తి ఉంది. రెండోది పేరులేనిది: టీలోది, బిస్కెట్లలోది, సీసా పానీయాలలోది. కోత రెండోదాని మీద పెట్టండి, మొదటిది నిలుస్తుంది.

మొదలు టీ దగ్గరే

ఒక్కసారిగా మానేస్తే మూడో రోజుకు విసుగొచ్చి మళ్లీ రెండు చెంచాలకు వస్తారు. రెండు చెంచాలు వేసుకునేవాళ్లు ఒకటిన్నర చేయండి. రెండు వారాలు అక్కడే ఆగండి. తరువాత ఒకటి, ఆ తరువాత అర. ఇలా మెల్లగా తగ్గిస్తే నాలుక దానికదే సర్దుకుంటుంది, కొన్నాళ్లకు పాత టీ ఎవరైనా ఇస్తే వెగటుగా అనిపిస్తుంది. అల్లమో యాలకులో దంచి వేస్తే తీపి తగ్గిన వెలితి తెలియదు. బయట ఏడు రోడ్ల కూడలి దగ్గర బండి టీ తాగే అలవాటుంటే, గిన్నెలోనే పంచదార కలిపేసి ఉంటుంది కాబట్టి ‘తక్కువ వెయ్యి’ అంటే కుదరదు. పంచదార లేకుండా విడిగా పెట్టమని అడగండి, చాలామంది పెడుతున్నారు. లేదంటే ఆ ఒక్క టీ ఉంచుకుని ఇంట్లో టీలలో పూర్తిగా తగ్గించండి.

ఇక సీసాలు. మామూలు కోలా పానీయంలో 100 మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల పంచదార ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసా తాగితే ఒక్క గుక్కలో రోజుకు 25 గ్రాముల లెక్క దాటిపోయింది. బిస్కెట్ పాకెట్ వెనక పోషకాల పట్టికలో ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరుస చూడండి. ఎదురుగా రాసిన అంకె సాధారణంగా 100 గ్రాములకు ఇచ్చినది, ఒక్క బిస్కెట్‌కు కాదు. ‘పెద్ద తీపేమీ లేదు’ అనుకుని టీలో ముంచుకునే రకాల పాకెట్లు కూడా ఒకసారి తిప్పి చూడండి.

బెల్లం మంచిదే కదా అని అడుగుతారు. ఇది వినీ వినీ నాకు చెవులు నొప్పి పుట్టాయి. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలున్నాయి, రుచి ఉంది, మన వంటకు అది లేనిదే నడవదు. కానీ రక్తంలో చక్కెర పెంచే విషయంలో దానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పంచదార టీ మానేసి బెల్లం టీ రోజుకు నాలుగు తాగేవాళ్లను చూస్తున్నాను, ఏదో మందు తాగుతున్నట్టు.

చేసేటప్పుడు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ ముట్టుకోకూడదు

‘అమ్మా, బెల్లం సగమే వేసి అరిసెలు చేసిపెట్టు’ అంటారు. చేయను. అరిసెలో బెల్లం తీపి కోసమే కాదు, పిండిని పట్టి ఉంచేది అదే. బియ్యం ఒక రాత్రీ పగలూ నానబెట్టి, నీళ్లు మార్చి, వడగట్టి, తడి ఆరకముందే పట్టించి, జల్లించిన పిండి అది. చేత్తో నొక్కితే ముద్ద కట్టాలి. పాకం చుక్క పళ్లెంలోని నీళ్లలో వేస్తే కరిగిపోకుండా, వేలితో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండలా రావాలి. అప్పుడు పిండి పోసి కలపాలి. బెల్లం తగ్గితే ఈ పట్టు ఉండదు. నూనెలో వేయగానే అంచులు విచ్చి, ముక్కలై, మూకుడంతా పొడి తేలుతుంది. ఆ నూనె మళ్లీ దేనికీ పనికిరాదు.

తగ్గించాల్సింది బెల్లం కాదు, పరిమాణం. కిలోకు 40 చేసే చోట 60 చేయండి. ఒక్కో దానిలో బెల్లం పన్నెండున్నర గ్రాములకు వస్తుంది, నిండు అరిసె తిన్న తృప్తి మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే ‘ఒకటి తిన్నాను’ అనే అనుకుంటాం తప్ప ‘ఇన్ని గ్రాములు తిన్నాను’ అని ఎవరూ అనుకోరు. నిమ్మకాయంత ఉండ తీసేచోట అందులో మూడింట రెండు వంతులంత తీసి, నూనె రాసిన ఆకు మీద పల్చగా అద్దాలి. వేసిన వెంటనే మునిగి, రెండు మూడు క్షణాల్లో పైకి తేలితే నూనె వేడి సరిపోయినట్టు. అడుగునే ఉండిపోతే వేడి చాలలేదు, తేలేలోపు నూనె తాగేస్తుంది. ఎర్రబడగానే తీసి, రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి గట్టిగా ఒత్తాలి. వేడి మీద ఒత్తితేనే నూనె ధారగా దిగుతుంది. చల్లారాక ఎంత ఒత్తినా రాదు, అరిసే విరుగుతుంది. మా ఇంట్లో ఈ ఒత్తే పని మావారిది. చేతిలో బలం, తనకు తినడానికి దొరికేది ఒక్కటే అన్న కోపం, రెండూ కలిసి చక్కగా ఒత్తుతారు.

పూర్ణాల సంగతి వేరు. శనగపప్పుకు సమానంగా బెల్లం వేసే అలవాటున్నవాళ్లు ముప్పావు వంతు వేసి చూడండి. యాలకులు, కొబ్బరి పడితే తేడా పోల్చుకోలేరు. పాయసంలోనూ అంతే. కజ్జికాయల్లో కొబ్బరి, వేయించిన నువ్వులు పెంచితే తీపి దానంతట అదే తగ్గుతుంది. నాగులచవితికి చేసే చిమ్మిలి, చలిమిడిలో వేపుడు అనేదే లేదు. అయినా చిమ్మిలి తేలికైనదని మాత్రం అనుకోకండి, నువ్వుల్లో సగం దాకా నూనే. చిన్న ఉండ చాలు.

వేపిన నూనె గురించి ఒక ముక్క. పిండివంటలు చేసిన నూనెను వడగట్టి కూరల్లోకి వాడి త్వరగా అవగొట్టండి, మళ్లీ మళ్లీ మూకుడెక్కించకండి. చిక్కబడినా, నల్లబడినా, పొయ్యి మీద పెట్టగానే పొగ వచ్చినా, నురగ కట్టినా పారబోయాల్సిందే. డబ్బులు పోయాయని బాధపడే వాళ్లు తక్కువ నూనెతో చిన్న మూకుడులో వేపుకోవాలి.

కృత్రిమ తీపితో చేసినవి అడిగేవాళ్లూ ఉన్నారు. వాటితో నాకు అరిసె పాకం రాదు. పైగా తీపి మారినా పిండి పిండే, నూనె నూనే. ‘షుగర్ లేదు’ అన్న ధైర్యంతో నాలుగు తింటారు. వాళ్లకు అరకిలో మామూలువే కట్టి ఇస్తాను.

ఎప్పుడు, ఎంత

ఖాళీ కడుపుతో తీపి ముట్టుకోకండి. పండగ పొద్దున్నే తలంటు పోసుకుని, ఆకలి మీద డబ్బా మూత తీస్తే ఒకటితో ఆగే మనిషి లేడు. పప్పు, కూర, ఆకుకూర ఉన్న భోజనం చేసి, చివర్లో ఒక అరిసె తినండి. పీచు, మాంసకృత్తులు ముందు వెళితే చక్కెర రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది. ఆ పూట అన్నంలో ఒక గరిటె తగ్గించండి. తిన్నాక పది పదిహేను నిమిషాలు వీధిలో నడవండి. పరుగు అక్కర్లేదు, నాలుగిళ్లు పలకరించి వచ్చేంత నడక చాలు.

డబ్బాలోంచి నేరుగా తినవద్దు. చిన్న పళ్లెంలో పెట్టుకుని, మూత పెట్టి, డబ్బా పైఅటక మీద పెట్టి, అప్పుడు కూర్చుని తినండి. టీవీ ముందు కూర్చుని జంతికల డబ్బా ఒళ్లో పెట్టుకునే వాళ్లకు నేను చెప్పేది ఒకటే, అడుగు కనిపించినప్పుడే మీకు తెలుస్తుంది. జంతికల్లో తీపి లేదు నిజమే, ఉప్పు ఉంది. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు, దాటకూడదని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనకు ఆవకాయతోనే సగం అయిపోతుంది. పిండి కలిపేటప్పుడు ఉప్పు తగ్గించి వాము, నువ్వులు ఎక్కువ వేయండి.

కొలత కావాలంటే మన దగ్గరే ఉంది. రథసప్తమి నాడు అరసవల్లిలో పిడకల మీద పాలు పొంగించి, కొత్త బియ్యంతో పాయసం వండి, చిక్కుడాకుల్లో పెట్టి సూర్యుడికి నివేదన చేస్తారు. చిక్కుడాకులో ఎంత పడుతుంది? నాలుగు వేళ్లకు అందినంత. కళ్లకద్దుకుని తింటే ఆ రోజుకు తీపి తిన్నట్టే. స్టీలు గ్లాసుల్లో పాయసం పోయడం మనం తరువాత నేర్చుకున్నది.

పలాస జీడిపప్పుది వేరే లెక్క. మంచి తిండే, కొలిచి తినాలి. బజార్లో ‘320 రకం’ అంటారు కదా, పౌనుకు, అంటే 453 గ్రాములకు, దాదాపు అన్ని పప్పులు తూగుతాయని దాని అర్థం. అంటే ఒక్కో పప్పు గ్రామున్నర లోపు. పది పప్పులు తింటే 80 కేలరీల దరిదాపు, సాయంత్రానికి అది చక్కటి ఫలహారం. 180 రకం అయితే పప్పు పెద్దది, ఆరు చాలు. నేతిలో వేయించి ఉప్పూకారం చల్లినవి లెక్కపెట్టి తినగలిగిన మనిషిని నేను చూడలేదు, వాటిని ఇంట్లో ఉంచకండి. తీపి కావాలంటే పాకం పట్టినవి పండక్కి ఉండనే ఉన్నాయి.

విజయనగరం జిల్లా భీమాళి తాండ్ర గురించి కూడా చెప్పాలి. మామిడి రసంలో తీపి కలిపి, చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెడతారు. మామిడే కదా అని పండు లెక్కలో వేయకండి. నీరంతా ఎండిపోయి తీపి చిక్కబడ్డ సరుకది, మిఠాయి కిందే లెక్క. అగ్గిపెట్టెంత ముక్క కోసుకుని నోట్లో పెట్టుకుని నమలకుండా చప్పరిస్తే పావుగంట వస్తుంది. ఇంత తక్కువతో ఇంతసేపు తృప్తినిచ్చే తీపి మన ప్రాంతంలో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

మా ఆడపడుచు ఇల్లు విజయనగరంలో. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వెళుతుంటాం. అమ్మవారి గుడికీ కోటకూ మధ్య సిరిమాను తిరిగేసరికి పొద్దు వాలిపోతుంది, జనంలో ఇరుక్కున్నామంటే అన్నం మాట మరిచిపోవాల్సిందే. ఎదురుగా జిలేబీ బాణలి, ఖాజాల గుట్ట. మా వదిన మధ్యాహ్నం పప్పన్నం పెట్టకుండా ఎవరినీ గడప దాటనివ్వదు. ‘ముందు తినండి, అమ్మవారు ఎక్కడికీ పోదు’ అంటుంది. చేతిలో నీళ్ల సీసా ఉంటుంది, సీసా పానీయం కొనం. ఎవరికి ఏది ఇష్టమో ఒక్కటి ఎంచుకుంటారు. నేను జీళ్లు, మావారు జిలేబీ ఒక చుట్ట, మేనకోడలు ఖాజా. అన్నీ రుచి చూద్దామని మొదలుపెడితే ఏదీ గుర్తుండదు.

షుగరున్నవాళ్లకు

మావారి విషయంలో మేము పాటించేది చెబుతాను. మీది మీ డాక్టరును అడిగి పెట్టుకోండి. పండగ వారంలో చిన్న అరిసె ఒకటి, మధ్యాహ్న భోజనం చివర, ఆ పూట అన్నం తగ్గించి. రెండు గంటల తరువాత ఒకసారి రక్తం చూసుకుంటారు. అంకె బాగా ఎక్కితే మరునాడు సగం. ఇది వాదించుకునే విషయం కాదు, మీటరే చెబుతుంది.

రెండు పనులు మాత్రం చేయకండి. స్వీటు తింటున్నాం కదా అని మాత్ర ఎక్కువ వేసుకోవడం ఒకటి. స్వీటు కోసం భోజనం మానేయడం ఇంకొకటి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లు భోజనం మానితే చక్కెర పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు బైర్లు కమ్ముతాయి. మీటరులో 70కి తక్కువ కనిపిస్తే అప్పుడు అరిసె పెట్టకూడదు. దానిలోని నూనె, పిండి వల్ల తీపి త్వరగా రక్తంలోకి వెళ్లదు. మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి ఆర్డర్లు వస్తే, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఉన్నారేమో అడుగుతాను. వాళ్లకు ఉప్పు, కొబ్బరి, జీడిపప్పు కూడా డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే. అక్కడ నా లెక్కలేవీ పనికిరావు.

పిల్లల గురించి పొడవుగా చెప్పను. ‘పప్పన్నం తింటే లడ్డూ ఇస్తాను’ అనకండి. పప్పు శిక్ష, లడ్డూ బహుమతి అని వాళ్లకు మీరే నేర్పినట్టవుతుంది. భోజనంతో పాటే పళ్లెంలో ఒక చిన్న లడ్డూ పెట్టండి, ముందు తిన్నా తరువాత తిన్నా ఊరుకోండి. తిన్నాక పళ్లు తోమించండి లేదా నోరు పుక్కిలించమనండి.

ఇంట్లో మిగిలిపోతున్నదే అసలు గొడవ. వెనక సారె వచ్చిందంటే వీధంతా పంచేవాళ్లు. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లిన బుట్టెడు పిండివంటల్లో ఆ ఇంట్లోవాళ్లు తినేది నాలుగో ఐదో. ఇప్పుడు సారె బుట్ట అట్టపెట్టె అయి, పెట్టె ఫ్రిజ్‌లోకి వెళ్లి, నలుగురు ఉన్న ఇంట్లో నెల్లాళ్లు నలుగుతోంది. ఆర్డరు ఇచ్చేటప్పుడే ఎన్ని ఇళ్లకు పంచుతారో లెక్కవేసి చెప్పండి, ఇంటికి నాలుగు చొప్పున చిన్న పొట్లాలు కట్టి ఇస్తాను. మీ ఇంటికి మిగలాల్సినవి మనిషికి మూడో నాలుగో. అరిసెలు తడి తగలకుండా స్టీలు డబ్బాలో ఉంచితే మూడు వారాలు నిలుస్తాయి, ఫ్రిజ్ అవసరం లేదు, అందులో పెడితే గట్టిపడతాయి కూడా.

పండగ ముగిసిన మరునాడు ఉపవాసం ఉండి సరిచేద్దామని చూడకండి. కడుపు మాడ్చుకుంటే సాయంత్రానికి చేయి డబ్బా వైపే వెళుతుంది. మా ఇంట్లో ముక్కనుమ వెళ్లిన పొద్దున చోడి అంబలి, అంటే రాగి అంబలి. 100 గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దరిదాపు కాల్షియం ఉంటుంది, పీచు ఉంటుంది, కడుపు మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. ముందు రోజు రాత్రి నాలుగు చెంచాల చోడిపిండి గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టి ఉంచండి. పొద్దున రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, గుప్పెడు నూకలు వేసి మెత్తగా ఉడకనిచ్చి, నానిన పిండి పోస్తూ అడుగంటకుండా కలపండి. పచ్చివాసన పోయి, గరిటె జార్చితే ధారగా పడుతుంటే దించేయండి. పూర్తిగా చల్లారాకే మజ్జిగ పోయాలి, వేడి మీద పోస్తే విరిగిపోతుంది. పుల్లమజ్జిగ అయితే ఉప్పు ఎక్కువ పడుతుంది కాబట్టి రాత్రి తోడుపెట్టిన పెరుగే చిలికి వాడండి. పక్కన పచ్చి ఉల్లిపాయ, ఒక మిరపకాయ చాలు.